బేరమాడని మనిషి

ఓవర్‌లాక్ మిషను అమ్మకానికి పెట్టినా.
ఫర్వానియాలో రూము మారతాండా,
కొత్త రూములో నా వంతు ఒక మంచం,
మంచం కింద ఒక పెట్టె.
మిషనుకు చోటు లేదు.

ఫోటోకు ముందు నూనెగుడ్డతో తుడిచినా,
బడికి పోయే పిల్లోని మొగం తుడిచినట్టు.
నలభై ఐదు దినార్లు అని రాసినా,
రాస్తానే మనసులో ముప్పై ఎనిమిదికి దిగినా.
రాయచోటి గొర్రెల సంతలో పెరిగిన నోరు నాది.
పల్లు చూడకుండా, నడుము నొక్కకుండా
మా నాయన ఎవరికీ రూపాయి తీసిచ్చింది లేదు.

పావుగంటకే మెసేజీ.
"సిస్టర్, తీసుకుంటా."

అంతే.
ఏ కంపెనీది అనలేదు.
పెడలు ఎట్లుంది అనలేదు.
ఎన్నేండ్లు కుట్టినావు అనలేదు.
ఒక్క దినారు, కనీసం మర్యాదకైనా, తగ్గించమనలేదు.
"నేను ఊర్లో లేను, డ్రైవరొస్తాడు,
డబ్బు ఇప్పుడే వేస్తా, ఈ లింకు నొక్కు,
కార్డు నంబరు కొట్టు,
వచ్చే ఆరంకెలు నాకు పంపు."

నొక్కినా. దాచేదేముంది, కొట్టినా కూడా.
లింకులో బ్యాంకు రంగు బ్యాంకుదే,
బ్యాంకు బొమ్మ బ్యాంకుదే.
నలభై ఐదు దినార్లకు నేను అప్పటికే
ఒక జత చెప్పులు, మూడు నెలల ఫోను కార్డు కొనేసినా.

అప్పుడు ఫోను టింగుమనింది.
మెసేజీ అంతా అరబ్బీ.
మదరసాలో బెత్తం దెబ్బలకు నేర్చుకున్న అక్షరాలు,
ఇన్నేండ్లకు అక్కరకొచ్చినాయి.
ఒక మాట దగ్గర కన్ను ఆగింది: ఖసమ్.
మా ఇంట్లో ఆ మాటకు మొగుడని అర్థం.
ఇక్కడ కోత.
పెద్ద తేడా లేదులే అనుకుని నవ్వబోయి
పక్కన అంకె చూసినా.
మూడొందల పది.

నాకు రావలసింది నలభై ఐదు.

అటు పక్క మంచం మీద ఓబులమ్మక్క
కూరగాయలు తరగతా తల ఎత్తింది.
పోయినేడు మేడమిచ్చిన పిల్లబండి అమ్మబోయి
పన్నెండు దినార్ల కోసం ఆరంకెలు
ఎక్కాలు చెప్పినట్టు నిదానంగా చదివి వినిపించింది.
నూట ఎనభై పోయినాయి.
అకామా ఒకరింట్లో, పని ఇంకొకరింట్లో,
స్టేషను మెట్లెక్కే దారి లేదు.
ఆ రాత్రి ఏడవలేదు.
బాత్రూము కడిగింది. మళ్ళీ కడిగింది.

"శంషాదూ," అనింది, కత్తి కింద పెట్టకుండానే,
"ఇచ్చేటోడు తలుపు కొడతాడు గానీ
బీగం చెవి అడుగుతాడా?"

బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు ఆపించినా.
వాడు "సిస్టర్? సిస్టర్?" అంటానే ఉండాడు,
రాత్రి పదకొండు దాకా.
ఏ రూములో ఎవని కాడ కూలికి కూచోనుండాడో,
వాని మంచం కింద ఏముందో.
అయినా బ్లాకు చేసినా.

మూడోనాడు రిఫాత్ వచ్చినాడు, మన్సూరా దర్జీ,
బుడ్డ కండ్లద్దాలు, జేబులో చినిగిన గుడ్డపీలిక.
మూడంతస్తులెక్కి రొప్పుతానే
"వల్లాహి, ఇది మా తాత కాలంది" అన్నాడు.
నా పానం లేచొచ్చింది.
పీలిక పెట్టి కుట్టి చూసినాడు, దారం లాగి చూసినాడు,
మోటారు దగ్గర చెవి ఆనించినాడు.
ముప్పై అన్నాడు. నలభై రెండన్నా.
చేతులు నెత్తిన పెట్టుకుని మెట్లు దిగినాడు.
పిలవలేదు. పదిమెట్లకే తిరిగొచ్చినాడు.
అర దినారు కాడ ఇద్దరం
పావుగంట నిలబడిపోయినాం.
ముప్పై ఏడున్నర.
నోట్లు బల్ల మీద పరిచినాడు, వెలుతురుకెత్తి చూసినా.
ఆ తర్వాతే ప్లగ్గు పీకినా.

వాడు పోయినాక చూస్తే
సొరుగులో సన్న పట్టకారు ఉండిపోయింది,
దారమెక్కించేది.
ఫోన్ చేస్తే శుక్రవారం బస్సెక్కి వచ్చినాడు.
"ఊరికే తీసుకో" అన్నా.
అనుమానంగా చూసినాడు నా మొగం.
ఊరికే వచ్చేదేదీ నమ్మనని
వంద ఫిల్సులు తీసి చేతిలో పెట్టినాడు.

నేను నూటయాభై అడిగినా.